ఇంగ్లీషులో 83 మార్కులు వచ్చిన అమ్మాయి, చదవలేకపోయిన మెసేజ్

ప్రశ్న: అయ్యా, మాది చీమకుర్తి దగ్గర పల్లె. మా ఆయన గ్రానైటు పాలిషింగు ఫ్యాక్టరీలో పనిచేస్తారు. నేను ఇంటి దగ్గర మిషను కుడతాను. మా అమ్మాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి చదువుతోంది. తొమ్మిదో తరగతి చివరి పరీక్షలో ఇంగ్లీషులో 83 మార్కులు తెచ్చుకుంది. మొన్న మా ఆయన పీఎఫ్ డబ్బులకు దరఖాస్తు పెడితే ఫోనుకు ఇంగ్లీషులో మెసేజ్ వచ్చింది. ‘యువర్ క్లెయిమ్ హ్యాజ్ బీన్ రిజెక్టెడ్ డ్యూ టు మిస్‌మ్యాచ్ ఇన్ ఫాదర్స్ నేమ్’ అని ఉంది. అమ్మాయిని చదివి చెప్పమంటే మాటలన్నీ గడగడా చదివింది గానీ, డబ్బులు వస్తాయో రావో చెప్పలేకపోయింది. మా ఆయన ‘ఇన్నేళ్లు ఆ క్లాసులో ఏం నేర్చుకున్నావు’ అని కేకలేశారు. పిల్ల చిన్నబుచ్చుకుని రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఒంగోలులో స్పోకెన్ ఇంగ్లీషు కోర్సుకు 9 వేలు అడుగుతున్నారు. మా తోడికోడలేమో వాళ్ల బిడ్డ చదివే ప్రైవేటు స్కూలుకు మార్చమంటోంది. నేను ఏడో తరగతితో ఆపేశాను, నాకు ఇంగ్లీషు రాదు. హైస్కూల్లో ఇంగ్లీషు క్లాసులో అసలు ఏం నేర్పిస్తారు? మేమేం చెయ్యాలి?

— ఒక తల్లి, చీమకుర్తి మండలం, ప్రకాశం జిల్లా

సమాధానం: అమ్మా, ముందు మెసేజ్ సంగతి చెప్పి తరువాత చదువు సంగతికి వస్తాను. మీ మామగారి పేరు పీఎఫ్ ఖాతాలో ఒక రకంగా, తక్కిన రికార్డుల్లో మరో రకంగా ఉన్నందువల్ల దరఖాస్తును తిరస్కరించారని దాని అర్థం. డబ్బు ఎక్కడికీ పోలేదు. ఫ్యాక్టరీ యాజమాన్యం ద్వారా జాయింట్ డిక్లరేషన్, అంటే ఉద్యోగి, యాజమాన్యం కలిసి ఇచ్చే సవరణ దరఖాస్తు, పెట్టి పేరు సరిచేయించుకున్నాక మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇక మీ అమ్మాయి విషయం. స్కూలు మార్చవద్దు, ఆ 9 వేలు ఇప్పుడు కట్టవద్దు. ఇలా ఎందుకు చెబుతున్నానో ఆ మెసేజ్‌నే ముందు పెట్టుకుని వివరిస్తాను. ఆ ఒక్క వాక్యం అర్థం కావడానికి కావలసిన సరుకంతా మీ అమ్మాయికి హైస్కూల్లో ఇప్పటికే నేర్పి ఉంటారు. ‘హ్యాజ్ బీన్ రిజెక్టెడ్’ అన్నది పాసివ్ వాయిస్, అంటే పని ఎవరు చేశారన్నది పక్కనపెట్టి ఏం జరిగిందో చెప్పే వాక్యరూపం. ఇచ్చిన వాక్యాన్ని పాసివ్‌లోకి మార్చమనే బిట్టును ఆ పిల్ల ఎన్నిసార్లు చేసి ఉంటుందో లెక్క ఉండదు. ‘డ్యూ టు’ అన్న మాట తరువాత కారణం వస్తుంది, కారణాన్ని ఫలితాన్ని కలిపి ఒకే వాక్యంగా రాయడం కూడా పరీక్షలో అడిగేదే. ‘మిస్‌మ్యాచ్’ ముందున్న ‘మిస్’ ప్రిఫిక్సుల, అంటే మాటకు ముందు చేరి అర్థాన్ని మార్చే ముక్కల బిట్లలో కనిపించేదే. అంటే మూడూ తెలిసిన పిల్లే, ఆ మూడూ కలిసి ఒకే వాక్యంలో ఎదురైనప్పుడు గుర్తుపట్టలేకపోయింది. కాలరు, చేతులు, కాజాలు విడివిడిగా చక్కగా కుట్టగలిగి, గుడ్డ చేతికిస్తే చొక్కా కుట్టలేని శిష్యురాలు మీ దగ్గర ఉంటే ఆమెకు పని రాదని మీరనరు, కలిపి కుట్టడం ఇంకా నేర్పలేదంటారు. మీ అమ్మాయి పరిస్థితి సరిగ్గా అదే.

హైస్కూలు ఇంగ్లీషులో ఏముంటుందో పదో తరగతి పబ్లిక్ పరీక్ష పేపరును చూస్తే తెలుస్తుంది, ఎందుకంటే తరగతిలో జరిగేదంతా చివరికి ఆ పేపరు చుట్టూనే తిరుగుతుంది. ఒకప్పుడు రెండు పేపర్లుగా ఉన్న పరీక్ష 2022 నుంచి 100 మార్కుల ఒకే పేపరుగా మారింది. ప్రశ్నపత్రం చదువుకోవడానికిచ్చే 15 నిమిషాలతో కలిపి 3 గంటల 15 నిమిషాల సమయం ఉంటుంది. పేపరులో మూడు భాగాలుంటాయి. మొదటిది చదివి అర్థం చేసుకోవడం, దానికి 30 మార్కులు. ఇందులో పాఠ్యపుస్తకంలోని భాగాలతో పాటు పుస్తకంలో లేని ప్యాసేజీ కూడా ఇస్తారు. రెండోది గ్రామరు, పదజాలం, దానికి 40. మూడోది సొంతంగా రాయడం, దానికి 30. లేఖ, డైరీ, సంభాషణ, వ్యక్తి పరిచయం, ఉపన్యాసం, పట్టికలో గానీ బొమ్మలో గానీ ఉన్న వివరాలను పేరాగా మార్చడం వంటివన్నీ ఈ మూడో భాగంలోకి వస్తాయి. వినడానికి, మాట్లాడటానికి ఈ పేపరులో ఒక్క మార్కు కూడా లేదు. పాఠాల చివర మాట్లాడించే అభ్యాసాలు ఉన్నాయి, ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షలైన ఫార్మేటివ్‌లలో పిల్లల భాగస్వామ్యానికి కొన్ని మార్కులు కూడా ఉన్నాయి, కానీ పబ్లిక్ పరీక్షలో లేని దానికి తరగతిలో ఎంత సమయం దొరుకుతుందో మీరే ఊహించుకోవచ్చు.

అందువల్ల 83 అన్న అంకె ఒక్కటే చూసి సంతోషపడినా ప్రయోజనం లేదు, బాధపడినా ప్రయోజనం లేదు. ఆ 83 మూడు భాగాల్లో ఎలా పంచుకుని వచ్చిందో చూడాలి. గ్రామరులో 40కి 38, పుస్తకంలోని ప్యాసేజీలకు పూర్తి మార్కులు, గైడులో బట్టీపట్టిన లేఖకు మంచి మార్కులు కలిసినా 83 వస్తాయి. పుస్తకంలో లేని ప్యాసేజీని చదివి జవాబులు రాసి, లేఖను తన మాటల్లో రాసి తెచ్చుకున్నా 83 వస్తాయి. ఈ రెండు 83ల మధ్య చాలా దూరం ఉంది. బడికి వెళ్లినప్పుడు ఇంగ్లీషు టీచరుగారిని మార్కుల జాబితా అడగకుండా, ఇటీవలి సమ్మేటివ్ పరీక్ష, అంటే టర్ము చివర పెట్టే పెద్ద పరీక్ష, జవాబుపత్రం చూపించమని అడగండి. పుస్తకంలో లేని ప్యాసేజీకి ఎన్ని వచ్చాయి, సొంతంగా రాసే ప్రశ్నలకు ఎన్ని వచ్చాయి అని రెండే ప్రశ్నలు వేయండి. ఆ రెండు చోట్లా తక్కువగా ఉంటే మనం ఏ పని చేయాలో తేలిపోయినట్టే.

చదవడం దగ్గర ఏం జరుగుతోందో ఒక పాఠంతో చెబుతాను. పదో తరగతి ఇంగ్లీషు పుస్తకంలో వల్లి అనే ఎనిమిదేళ్ల పిల్ల కథ ఉంది. వల్లిక్కణ్ణన్ అనే రచయిత తమిళంలో రాసినదాన్ని ఇంగ్లీషులోకి అనువదించి పాఠంగా పెట్టారు. మన పల్లెల్లో ఏ వాకిట్లో చూసినా కనిపించే పిల్లే వల్లి. వీధిలోంచి గంటకోసారి పట్నానికి పోయే బస్సును చూసి చూసి, ఒక్కసారైనా ఎక్కాలని ఆశపడుతుంది. రాకపోకల టిక్కెట్టు ఎంతో, ఎంతసేపు పడుతుందో పెద్దవాళ్ల మాటల్లోంచి ఏరుకుంటుంది. పిప్పరమెంట్లు, బొమ్మలు, బెలూన్లు కొనుక్కోకుండా, తిరునాళ్లలో రంగులరాట్నం కూడా ఎక్కకుండా 60 పైసలు కూడబెడుతుంది. అమ్మ మధ్యాహ్నం కునుకు తీసే వేళ చూసి ఒంటిగంట బస్సెక్కి, పట్నంలో దిగకుండా అదే బస్సులో తిరిగి వస్తుంది. పోయేటప్పుడు బస్సుకు అడ్డంగా తోకెత్తి పరుగెత్తిన ఆవుపెయ్యను చూసి కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్విన పిల్ల, వచ్చేటప్పుడు అదే పెయ్య దారిలో చచ్చిపడి ఉండటం చూస్తుంది. ఆ తరువాత ఆమెకు కిటికీలోంచి చూడాలనిపించదు.

ఈ పాఠం మీద ‘టిక్కెట్టు ధర ఎంత’ అని అడిగితే కథ అర్థం కాని పిల్ల కూడా జవాబు రాయగలదు. ప్రశ్నలోని మాటను ప్యాసేజీలో వేలుపెట్టి వెతికి, దాని పక్కనున్న అంకెను దించితే చాలు. ‘తిరుగు ప్రయాణంలో వల్లి కిటికీలోంచి ఎందుకు చూడలేదు’ అని అడిగితే అలా దించడం కుదరదు, రెండు చోట్ల చదివినదాన్ని మనసులో కలుపుకోవాలి. ‘ఇంటికి వచ్చాక పెద్దవాళ్ల మాటలు విని వల్లి తనలో తాను ఎందుకు నవ్వుకుంది’ అని అడిగితే ఇంకాస్త లోతుకు వెళ్లాలి, ఎందుకంటే అమ్మకు తెలియనిది మనకూ వల్లికీ మాత్రమే తెలుసు. హైస్కూలు ఇంగ్లీషు క్లాసు నేర్పవలసిన అసలు విద్య ఈ రెండో రకం, మూడో రకం ప్రశ్నల దగ్గరే ఉంది. పుస్తకంలోనూ ఇటువంటి ప్రశ్నలు ఉన్నాయి. వచ్చిన చిక్కల్లా గైడుతోనే. గైడులో జవాబు అచ్చై ఉన్న క్షణం నుంచి రెండో రకం ప్రశ్న కూడా మొదటి రకం అయిపోతుంది, ఆలోచించవలసినది కాస్తా గుర్తుపెట్టుకోవలసినదిగా మారిపోతుంది. పిల్ల వల్లి గురించి ఆరు వాక్యాలు తప్పులేకుండా రాస్తుంది, కానీ పెయ్య చచ్చిపోయిందన్న సంగతి ఆ పిల్లకు తట్టిందో లేదో ఎవరికీ తెలియదు. మీ మెసేజ్‌కు గైడు లేదు కదా, అందుకే అక్కడ ఆగిపోయింది.

రాయడం దగ్గర ఇదే జబ్బు ఇంకా బాగా కనిపిస్తుంది. చాలా ఏళ్లు స్పాట్ వాల్యుయేషనులో కూర్చుని పేపర్లు దిద్దినవాణ్ణి గనుక చెబుతున్నాను. విహారయాత్ర గురించి స్నేహితుడికి లేఖ రాయమంటే ఒక కట్టలోని పిల్లలందరూ హైదరాబాదే వెళ్తారు, అందరూ చార్మినారే చూస్తారు, అందరి స్నేహితుడి పేరూ రవే, అందరూ ‘ఐ యామ్ ఫైన్ హియర్ అండ్ హోప్ యూ ఆర్ ఫైన్ దేర్’ అనే మొదలుపెడతారు. చార్మినారు ముఖం చూడని పిల్ల దాని ఎత్తు వెడల్పులు రాస్తుంది. ఇంటి ముందు నుంచి రోజూ లారీల మీద పోయే రాళ్ల గురించి ఒక్క వాక్యం రాయమంటే కలం కదలదు. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైటు మీ ఊళ్లోనే దొరుకుతుంది, దేశదేశాలకు పోతుంది, దాన్ని నునుపు చేసే మనిషి మీ ఇంట్లోనే ఉన్నాడు, అయినా మీ అమ్మాయి నోటుబుక్కులో దాని ఊసు ఉండదని పందెం కాయగలను.

ఇక్కడ మీరు చేయగలిగిన పని ఒకటి ఉంది. కేకలేసిన మీ ఆయన చేతనే చేయించండి. ఒక ఆదివారం అమ్మాయిని కూర్చోబెట్టుకుని, క్వారీ నుంచి రాయి వచ్చిన దగ్గరనుంచి పలక తయారై లారీ ఎక్కేదాకా ఏం చేస్తారో వరుసగా తెలుగులో చెప్పమనండి. అమ్మాయి దాన్ని చిన్నచిన్న ఇంగ్లీషు వాక్యాలుగా రాయాలి. ‘ది బ్లాక్ ఈజ్ కట్ ఇంటూ స్లాబ్స్. ది స్లాబ్స్ ఆర్ పాలిష్డ్. వాటర్ ఈజ్ పోర్డ్ ఆన్ ది స్టోన్. దెన్ దే ఆర్ లోడెడ్ ఆన్ ఏ లారీ.’ ఇలా ఉంటే చాలు. చూశారా, రాయిని ఎవరు కోశారు, ఎవరు నీళ్లు పోశారు అన్నది ఇక్కడ ముఖ్యం కాదు, ఏం జరిగిందన్నదే ముఖ్యం. పాసివ్ వాయిస్ ఎందుకు పుట్టిందో పిల్లకు ఇక్కడ అర్థమైనంత బాగా వంద బిట్లు మార్చినా అర్థం కాదు. దరఖాస్తును తిరస్కరించినది ఫలానా గుమస్తా అని చెప్పకుండా ‘హ్యాజ్ బీన్ రిజెక్టెడ్’ అని మెసేజ్‌లో ఎందుకు రాశారో కూడా అప్పుడే తెలుస్తుంది. ఆఫీసు కాగితాలు, బ్యాంకు నోటీసులు, ఆసుపత్రి రిపోర్టులు ఎక్కువగా ఈ రూపంలోనే ఉంటాయి.

రాసిన దాంట్లో తప్పులు దొర్లుతాయి. ‘ఏ’, ‘యాన్’, ‘ది’ తప్పిపోతాయి, ఎందుకంటే తెలుగులో వాటి అవసరమే లేదు. ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ అని రాస్తుంది, మనవాళ్లలో పెద్ద పెద్ద ఉద్యోగులు కూడా ఇలాగే అంటారు. ఈ తప్పులకు భయపడవద్దు, భయపెట్టవద్దు. బట్టీపట్టి రాసిన తప్పులేని పేరా కన్నా సొంతంగా రాసిన నాలుగు తప్పుల పేరా పిల్లకు ఎక్కువ నేర్పుతుంది. పైగా మూడో భాగంలో విషయానికి, వరుసకు, సొంత భావానికి కూడా మార్కులుంటాయి గనుక పరీక్షలోనూ నష్టపోదు. రాసిన కాగితాన్ని బడికి తీసుకువెళ్లి టీచరుగారికి చూపించమనండి. అడగని పేరా రాసి తెచ్చిన పిల్లను చూస్తే ఏ ఇంగ్లీషు టీచరుకైనా ప్రాణం లేచివస్తుంది, దిద్దకుండా పంపరు.

గ్రామరు మీద నా అభిప్రాయం కూడా చెప్పేస్తాను, ఒప్పుకోని మాస్టర్లు ఉంటారని తెలిసే చెబుతున్నాను. 40 మార్కులు ఇవ్వడం వల్ల అది అవసరానికి మించి పెరిగిపోయింది. బిట్లు చేయించడం సులభం, దిద్దడం సులభం, మార్కులు త్వరగా పెరుగుతాయి. తల్లిదండ్రులు కూడా అదే కోరుకుంటారు. దాన్ని మానేయమని అనను, మార్కులు కావాలి కదా. బిట్టు చేసిన ప్రతిసారీ ఆ వాక్యం ఎవరు ఎవరితో ఎప్పుడు అనే మాటో ఒక్కసారి తెలుగులో చెప్పుకుంటే చాలు.

టీచర్లను తప్పుపట్టడానికి ఇదంతా రాయడం లేదు. ఒక్కో సెక్షనులో నలభై యాభై మంది పిల్లలు, ముప్పావు గంట పీరియడు, ఏడాదికి నాలుగు ఫార్మేటివ్‌లు, రెండు సమ్మేటివ్‌లు. ఒక్కో ఫార్మేటివ్‌కు స్లిప్ టెస్టు, ప్రాజెక్టు, రాత పనులు అంటూ వేర్వేరుగా మార్కులు వేసి నమోదు చేయాలి. సంక్రాంతికి ముందే సిలబస్ ముగించి రివిజను మొదలుపెట్టాలని పైనుంచి ఒత్తిడి. ఫెయిలయ్యే పిల్లలను 35 దాటించడమే వాళ్లకు పెద్ద పరీక్ష. ఇటువంటప్పుడు 83 వచ్చే పిల్ల మీద ఎవరి చూపూ పడదు, ఆ పిల్లకు ఇబ్బందేమీ లేదనుకుంటారు. కాబట్టి మీ అమ్మాయికి ప్రత్యేకంగా ట్యూషను చెప్పమని అడగకండి. వారానికి ఒక్క కొత్త ప్యాసేజీ, పుస్తకంలో లేనిది, పాత మోడల్ పేపర్లలోంచి ఇవ్వమని అడగండి. అది ఏ టీచరైనా కాదనలేని కోరిక.

మీకు ఇంగ్లీషు రాదని రాశారు. ఈ పనిలో అది అడ్డు కాదు, ఒక విధంగా మేలే. ఇంగ్లీషు వచ్చిన తల్లి ‘అది కాదు, ఇలా చదవాలి’ అని పిల్ల నోట్లోంచి మాట లాక్కుంటుంది. మీరు చేయవలసినది వినడం. రోజూ రాత్రి ఒక పేరా ఇంగ్లీషులో పైకి చదివి, పుస్తకం మూసి, దాంట్లో ఏముందో తెలుగులో చెప్పమనండి. మాటకు మాట అర్థం చెప్పనక్కర్లేదు, కథ చెప్పినట్టు చెప్పాలి. మీకు బోధపడకపోతే ‘ఎందుకు’ అని అడగండి. ఉదాహరణకు అదే పుస్తకంలో లెంచో అనే రైతు కథ ఉంది. వడగళ్ల వాన పంటను తుడిచిపెట్టేస్తే, 100 పెసోలు పంపమని దేవుడికి ఉత్తరం రాస్తాడు. పోస్టుమాస్టరు జాలిపడి తన జీతంలో కొంత వేసి, తెలిసినవాళ్ల దగ్గర పోగుచేసి 70 పంపిస్తాడు. లెంచో మళ్లీ దేవుడికి ఉత్తరం రాసి, మిగతా డబ్బు పోస్టులో పంపవద్దని, అక్కడి ఉద్యోగులు దొంగలని అంటాడు. శనగ, పొగాకు వేసే ఊళ్లో పెరిగిన మీకు ఆ రైతు బాధ పిల్ల కన్నా బాగా తెలుసు. కథ చెప్పడం అయ్యాక ‘సాయం చేసినవాళ్లనే దొంగలంటాడేమే’ అని మీరు అడిగితే, అమ్మాయి మళ్లీ పుస్తకం తెరిచి చూసుకుని జవాబు చెబితే, ఆ రోజు పాఠం అయినట్టే. తెలుగులో చెప్పలేకపోయిందంటే ఇంగ్లీషులో అర్థం కాలేదన్నమాట. ఈ పరీక్ష పెట్టడానికి మీ ఏడో తరగతి చదువు సరిపోతుంది.

ఇంట్లో ఇంకో సదుపాయం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. ప్రభుత్వ బడి పిల్లల సైన్సు, సోషల్ పుస్తకాలు ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగుతో అచ్చవుతున్నాయి. పిల్లలు తమకు వీలైన పేజీ మాత్రం చదివి రెండోది వదిలేస్తారు. సోషల్ పాఠంలో ఒక పేరా ముందు ఇంగ్లీషులో చదివి, అర్థమైనది చెప్పి, ఆ తరువాత ఎదుటి పేజీలో తెలుగు చూసుకుంటే తను ఎక్కడ పొరపడిందో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. ఆరో తరగతిలో విద్యా కానుక కిట్టుతో పాటు ఇచ్చిన ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ అటక మీద ఉంటే దించండి. అయితే ప్రతి మాటకూ దాన్ని తెరవనివ్వవద్దు. ముందు వాక్యాన్ని బట్టి అర్థం ఊహించి, పేరా పూర్తయ్యాక మరీ అవసరమైన రెండు మూడు మాటలే చూసుకోవాలి. పరీక్ష హాలులో డిక్షనరీ ఉండదు, ఫోను మెసేజ్ వచ్చినప్పుడు చేతిలో ఉండదు. ఇక మీ ఇంటికి వచ్చే ఇంగ్లీషు కాగితాలన్నీ, అంటే గ్యాస్ బుకింగు మెసేజ్, మందు చీటీ మీది సూచన, కరెంటు బిల్లు వెనుక భాగం, ముందు అమ్మాయికే చూపించండి. తప్పు చెబితే కోప్పడకుండా, ఏ మాట దగ్గర అలా అనుకున్నావని అడగండి. ఈ కడపటి మాట మీ ఆయనకు ప్రత్యేకంగా చెప్పండి. మందుల విషయంలో మాత్రం అమ్మాయి చెప్పినదాన్ని షాపులో మరోసారి అడిగి నిర్ధారించుకోండి.

స్కూలు మార్చడం గురించి రెండు మాటలు. పదో తరగతి మధ్యలో బడి మార్చడం ఏ విధంగానూ మంచిది కాదు. ప్రైవేటులో అయినా రాష్ట్ర సిలబస్ చదివే పిల్లలు రాసేది ఇదే పేపరు, చాలా చోట్ల చదివించేది ఇదే గైడు, కాకపోతే ఎక్కువ గంటలు చదివిస్తారు. మీ తోడికోడలు బిడ్డ చేత పుస్తకంలో లేని పేరా ఒకటి చదివించి తెలుగులో చెప్పించండి, తేడా ఎంత ఉందో మీరే చూస్తారు. ఒంగోలు ట్రిపుల్ ఐటీ మీద ఆశ ఉందేమో రాయలేదు. ఉంటే, అక్కడి సీటు పదో తరగతి మార్కుల మీదే ఆధారపడుతుంది గనుక ఇప్పుడు సమయాన్ని కోర్సుకు, ప్రయాణాలకు చీల్చడం నష్టం. పాలిటెక్నిక్ ఆలోచన అయితే దాని ప్రవేశపరీక్ష పాలిసెట్‌లో ఇంగ్లీషు లేదు, గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలే. ఇంటర్లో ఏ గ్రూపు తీసుకున్నా రెండేళ్లూ ఇంగ్లీషు తప్పదు, చదివి అర్థం చేసుకునే అలవాటు అక్కడా అక్కరకు వస్తుంది.

స్పోకెన్ ఇంగ్లీషు కోర్సు అనవసరమని నేననను. మాట్లాడటం బడిలో ఎలాగూ జరగడం లేదు, మాట్లాడే చోటు ఎక్కడో ఒకచోట కావాలి. కానీ చదివినది అర్థం కాని పిల్లకు అక్కడ కూడా ‘మీ గురించి చెప్పండి’ అన్న ప్రశ్నకు పది వాక్యాలు బట్టీపట్టిస్తారు, గైడు నోటిలోకి మారుతుంది, అంతే తేడా. పబ్లిక్ పరీక్షలయ్యాక వేసవి సెలవుల్లో చేర్చండి. చేర్చే ముందు ఒక రోజు క్లాసులో కూర్చోవడానికి అనుమతి అడగండి. గంటలో మాస్టరు ఎంతసేపు మాట్లాడారు, పిల్లలు ఎంతసేపు మాట్లాడారు అని చూడటానికి ఇంగ్లీషు రానక్కర్లేదు. మాస్టరే ఎక్కువ మాట్లాడితే ఇంకో చోటు చూసుకోండి. క్లాసులో పదిహేను మందికి మించి ఉన్నా, చేరేరోజే మొత్తం ఫీజు కట్టమన్నా అదే మాట. నెలవారీగా కట్టించుకునేవాళ్లు దొరికితే ముందు ఒక నెలకే కట్టి, నెల చివర అమ్మాయి చేత ఫ్యాక్టరీలో రాయి కోసే విధానం ఇంగ్లీషులో చెప్పించుకుని, ఆ తరువాతే రెండో నెల గురించి ఆలోచించండి.